జాబితాలో కనబడని పేరు
(రెంటచింతల పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన రెంటచింతల పేరు పేపర్లో పడేది ఎండలకే. ఆ ఎండకు జడిసి మధ్యాహ్నాలు ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చున్న ఒక పెన్షనరు సంగతి చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. ఆ పెన్షనరును నేనే.

ట్రెజరీలో ముప్పయ్యేళ్ళు బిల్లులు చూశాను. వోచరు లేకుండా పైసా వదిలినవాణ్ణి కాదు. అలాంటివాణ్ణి కమ్యుటేషన్ సొమ్ములో 3 లక్షలు డాలరు వ్యాపారమనే ఒక ఫోను యాప్‌లో పోశాను. విచారించకుండా పోశాననుకోకండి. విచారించాను, పొరపాటు అక్కడే జరిగింది.

అనుమతి లేకుండా విదేశీ మారక వ్యాపారం చేయించే సంస్థల పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఒక హెచ్చరిక జాబితా ప్రకటించింది. అప్పుడు 34 పేర్లు. తర్వాత ఇంకా కలిపారు. మా అబ్బాయి చేత తీయించి, వేలు పెట్టి చదివాను. నా యాప్ పేరు లేదు. లేదు గనుక మంచిదేననుకున్నాను. జాబితాలో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు భావించరాదని ఆ ప్రకటనలోనే ఉంది. అది చదవలేదు. ఆడిటు అభ్యంతరంలో ఆఖరి పేరా వదిలేసిన గుమాస్తా పని!

చూడవలసింది అనుమతి ఉన్నవారి జాబితా. విదేశీ మారకానికి అధీకృత బ్యాంకులు, అనుమతి పొందిన వేదికలు వేరే ఉన్నాయి. స్టాక్ ఎక్స్ఛేంజిలో డాలరు వాయిదా వ్యాపారం 2008 నుంచి ఉంది, అదీ సెబీలో నమోదైన బ్రోకరు ద్వారానే. నిజంగా మారకపు అవసరం ఉన్నవారే అక్కడికి రావాలని 2024లో రిజర్వు బ్యాంకు గట్టిగా చెప్పింది. మిర్చి ఎగుమతి చేసే గుంటూరు వ్యాపారికి డాలరు ధరతో పని. నాకేం పని?

"విదేశంలో లైసెన్సు ఉంది సార్" అన్నాడు ఫోనులో కుర్రాడు. ఉన్నా అది ఇక్కడ చెల్లదు. ఐరోపాలో లైసెన్సున్న బ్రోకర్లకే 2018లో పగ్గం వేశారు, చిన్న మదుపరి రూపాయి పెడితే 30 రూపాయల వ్యాపారం దాటరాదని. ఇటువంటి ఖాతాల్లో నూటికి 74 నుంచి 89 నష్టపోతున్నాయని అక్కడివారి లెక్క. నా యాప్ రూపాయికి 500 ఇచ్చింది. అంటే వంద రూపాయల ధర 20 పైసలు ఎదురు తిరిగితే నా పెట్టుబడి సున్న.

పైగా ఇటువంటి వ్యాపారానికి మార్జిను సొమ్ము విదేశానికి పంపడం 1999 నాటి ఫెమా చట్టం ఒప్పుకోదు. ఆ సొమ్ముకు మూడు రెట్ల దాకా జరిమానా వెయ్యవచ్చు. ఆ భయంతోనే నేను నోరు మూసుకున్నాను.

డబ్బు ప్రతిసారీ ఎవరెవరో మనుషుల సొంత ఖాతాలకు వెయ్యమన్నారు. వోచర్లు చూసిన కంటికి అది ఆనలేదు! తెరమీద నా 3 లక్షలు 5 లక్షలు దాటింది. తీసుకుంటానంటే ముందు పన్ను కింద 90 వేలు కట్టమన్నారు. అప్పుడు తెలిసింది. 1930 నంబరుకు వెంటనే ఫోను చేసి ఉంటే ఆ ఖాతాలు ఆపే వీలుండేది. నేను రెండు నెలలకు చేశాను. ఖాతాల్లో ఏమీ మిగల్లేదు.

మా ఇంటావిడకు మొన్న ఉగాదికి చెప్పాను. ఇవాళ రెండో వరుసలో కూర్చుంది, ఇంకా సరిగా మాట్లాడటం లేదు.

రెండు జాబితాల కాపీలూ టీ బల్ల మీద పెట్టాను. ఫోనులో ఇలాంటి యాప్ ఉన్నవారు నన్ను పక్కకు పిలవండి, చూద్దాం. పేరు బయటకు రానివ్వను. సెలవు.