మందుచీటీలో ఆహారము

రోగిని పరీక్షించి “పాలు త్రాగుము, ఆకుకూరలు తినుము” అని వైద్యుడు చెప్పుట మనమెల్లరము వినునదే. కొనుటకు డబ్బు లేనివానికి ఆ మాట మందగునా?

1887లో విముక్త బానిసలు నిర్మించుకొన్న పట్టణము, అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమందలి మౌండ్ బేయూ. 1960వ దశకమున ఆ ప్రాంతపు పత్తిచేలలో యంత్రములు ప్రవేశించి కూలీలకు పని పోయెను. బిడ్డలు ఆకలిచే చిక్కి రోగములపాలగుచుండిరి. అచ్చటి ఆరోగ్యకేంద్రమున డాక్టరు జాక్ గైగర్, ఆయన సహచరులు మందుచీటీలపై పాలు, కూరగాయలు, మాంసము, పండ్లు వ్రాసి యిచ్చిరి. అంగడివారు సరకులిచ్చి, పైకమును ఔషధాలయపు పద్దునుండి పొందిరి. అధికారులు ఆక్షేపింపగా, పోషకాహారలోపమునకు వైద్యగ్రంథములు చెప్పు చికిత్స ఆహారమే కదా యని గైగర్ బదులు చెప్పెను.

ఐనను చీటీతో వచ్చిన సరకులు ఎన్నాళ్లు నిలుచును? అందుచే నార్త్ బొలివర్ కౌంటీలోని పేదకుటుంబములు సహకార వ్యవసాయక్షేత్రమును నెలకొల్పి, కూరగాయలను తామే పండించుకొనిరి.

కావున మనము పథ్యము చెప్పునపుడు, ఆ పదార్థము రోగి యింటికి ఎట్లు చేరునో కూడ విచారింపవలెను. ఆ విచారణయు చికిత్సలో భాగమే.