వేడి సరస్సు చుట్టూ తొమ్మిది రోజులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1979 బ్యాచ్. "నీ సైకిల్ యాత్ర గురించి పావుగంట మాట్లాడు, తర్వాత భోజనాలు" అన్నారు కార్యదర్శిగారు. భోజనాల ముందు మైకు పట్టుకున్నవాడి కష్టం నాకు తెలుసు కనుక నేరుగా విషయంలోకి వస్తాను. ఒక్క మాట ముందే చెప్పి ఉంచుతాను. ఈ యాత్ర కబుర్లన్నీ చివరికి మన సంఘం ఈ సాయంత్రం తేల్చుకోవాల్సిన విషయం దగ్గరికే వస్తాయి.

కిర్గిస్థాన్ పేరు ఇప్పుడు మన పల్నాడులో చాలా ఇళ్లలో వినిపిస్తోంది. తెలుగు పిల్లలు చాలామంది ఆ దేశ రాజధాని బిష్కెక్‌లో డాక్టరు చదువు చదువుతున్నారు. మా చెల్లెలి కొడుకు వాళ్లలో ఒకడు. రెండేళ్ల క్రితం, నేను రిటైరైన కొత్తలో, వాడు ఫోన్ చేశాడు. "మామయ్యా, ఇక్కడో పెద్ద సరస్సుంది. దాని చుట్టూ సైకిళ్ల మీద తిరిగొద్దాం, వస్తావా?" అన్నాడు. ఇంట్లో అందరూ వద్దన్నారు. నేను గోంగూర పచ్చడి సీసా, కారప్పొడి పొట్లం సర్దుకుని బయల్దేరాను.

ఆ సరస్సు పేరు ఇసిక్ కుల్. కిర్గిజ్ భాషలో 'వేడి సరస్సు' అని అర్థం. తియాన్‌షాన్ పర్వతాల నడుమ, సముద్రమట్టానికి 1,607 మీటర్ల ఎత్తున ఉంది. మన హార్సిలీ కొండల కంటే ఎత్తు. ఉత్తరాన ఒక మంచుకొండల వరస, దక్షిణాన మరొకటి. అంత చలిలోనూ ఈ సరస్సు గడ్డకట్టదు. చాలా లోతు ఉండటం, నీళ్లలో కాస్త ఉప్పు ఉండటం అందుకు కారణాలు. ఆ పేరు అలా వచ్చింది.

ఎంత పెద్దదో మనకు అర్థమయ్యే లెక్కలో చెబుతాను. నాగార్జునసాగర్ నిండితే 312 టీఎంసీలు. ఇసిక్ కుల్‌లో ఉన్న నీళ్లు టీఎంసీల్లోకి మారిస్తే సుమారు 61 వేలు. దాదాపు రెండువందల సాగర్లు! అత్యధిక లోతు 668 మీటర్లు. 124 మీటర్ల ఎత్తున్న మన సాగర్ డ్యామ్‌లు ఐదింటిని ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా మునిగిపోతాయి. చుట్టూ రోడ్డు సుమారు 430 కిలోమీటర్లు. ఇక్కణ్ణుంచి హైదరాబాద్ వెళ్లి తిరిగొచ్చినా ఇంకా కొంత మిగులుతుంది.

ముగ్గురం బయల్దేరాం: నేను, మేనల్లుడు, వాడి రూమ్‌మేట్. బిష్కెక్‌లో గేర్ల సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం. మన చిన్నప్పుడు గంటకింత అని అద్దె సైకిలు తీసుకుని, సీటు అందక, చట్రం మధ్యలోంచి కాలు దూర్చి తొక్కిన వాళ్లం మనమంతా. అక్కడ నేర్చుకున్న బ్యాలెన్సే అక్కడి ఘాట్‌లో కూడా పనికొచ్చింది. గేర్లు మార్చడం మాత్రం మేనల్లుడు నేర్పాడు.

బూమ్ లోయ గుండా బస్సులో బాలిక్చి చేరి, అక్కణ్ణుంచి తొక్కడం మొదలుపెట్టాం. బాలిక్చి సరస్సుకు పడమటి కొస. ముందు దక్షిణపు ఒడ్డున బొకోన్‌బాయెవో, బార్స్‌కూన్, ఎర్రకొండల జెతి ఓగుజ్ మీదుగా తూర్పున కరకోల్ వరకు. తర్వాత ఉత్తరపు ఒడ్డున చోల్పోన్ అతా మీదుగా మళ్లీ బాలిక్చికి. రోజుకు యాభై కిలోమీటర్లు, తొమ్మిది రోజులు. పగలు ఎండ చురుక్కుమనేది, రాత్రి రెండు దుప్పట్లు చాలేవి కావు.

మొదటి రోజే నాకు ఆశ్చర్యం కలిగింది. ఎడమ చేతి పక్కన కనుచూపు మేర నీలం నీళ్లు. కుడి చేతి పక్కన గడ్డి కూడా సరిగ్గా మొలవని బీడు. పడమటి కొసలో ఏడాదికి 150 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. గాలి సరస్సు మీదుగా తూర్పుకు పోతూ తేమ మోసుకెళ్లి అటు కొండల దగ్గర కురిపిస్తుంది. కరకోల్ వైపు అంతా పచ్చదనం, ఆపిల్ తోటలు. అదే సరస్సు, ఒక కొస ఎడారి, ఒక కొస తోట. పల్నాటి వాడికి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కృష్ణ మన పక్కనుంచే పారుతున్నా, 1967లో కుడి కాల్వకు నీళ్లు వదిలేదాకా మన తాతలు మబ్బుల వంకే చూశారు. కాల్వ అందని మెట్ట ఊళ్ల వాళ్లు ఇప్పటికీ వరికపూడిశెల ఎత్తిపోతల కోసం చూస్తూనే ఉన్నారు. పక్కన నీళ్లుంటే సరిపోదు, అవి చేను దాకా రావాలి.

రెండో సంగతి. ఈ సరస్సులోకి కొండల మీద నుంచి వందకు పైగా ఏర్లు వచ్చి కలుస్తాయి. బయటికి మాత్రం ఒక్కటీ పోదు. వేల ఏళ్లుగా వచ్చిన నీరు ఆవిరవుతోంది, మోసుకొచ్చిన ఉప్పు అడుగున మిగులుతోంది. లీటరుకు ఆరు గ్రాముల ఉప్పు. సముద్రంలో ఉండేదానిలో ఆరో వంతు. నోట్లో పోసుకుంటే ఉప్పగా తెలుస్తుంది. అంత నీళ్ల ఒడ్డున ఉండి కూడా రైతులు పొలాలకు కొండ ఏర్ల నీళ్లే కట్టుకుంటారు. రోడ్డు పక్కన చిన్న పిల్లకాలువలు తవ్వుకున్నారు. బార్స్‌కూన్ దగ్గర ఒక ముసలాయన పారతో మట్టిపెళ్ల తీసి మడవ తిప్పుతూ కనిపించాడు. సైకిలు ఆపి చూస్తూ నిలబడిపోయాను. మా నాన్న తిప్పినట్టే తిప్పాడు.

ఆ పడమటి బీడులోనే నాకు పంచరు పడింది. సరస్సు ఒడ్డున నారింజ రంగు చిన్న పళ్లు కాసే ముళ్లకంప ఉంటుంది, ఆ ముల్లే. టైరు విప్పి, ట్యూబులో గాలి కొట్టి, సరస్సు నీళ్లలో ముంచి బుడగలు వెతికాం. ఎక్కడినుంచో పన్నెండేళ్ల కుర్రాడొకడు వచ్చి, అడగకుండానే ట్యూబు రెండో కొస పట్టుకున్నాడు. వాడి భాష మాకు రాదు, మా భాష వాడికి రాదు. బుడగ కనిపించగానే ముగ్గురం ఒకేసారి వేలు పెట్టాం. ఆకురాయితో గీకి, సొల్యూషన్ పూసి, ప్యాచ్ అంటించి నొక్కేదాకా ఉండి, చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

సాంఘిక శాస్త్రం చెప్పిన మాస్టార్ల కోసం ఒక ముక్క. చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ ఇండియాకు వస్తూ సుమారు 630లో ఈ సరస్సు పక్కగానే నడిచాడు. దీన్ని 'వేడి సముద్రం' అని పేర్కొన్నాడు. నీళ్లు ఉప్పగా, చేదుగా ఉంటాయని రాశాడు. దాదాపు పదేళ్ల తర్వాత ఆ మనిషే మన కృష్ణా తీరాన ధాన్యకటకం చేరి, అక్కడ ఆగి బౌద్ధ గ్రంథాలు చదువుకున్నాడు. క్లాసులో ఈ పేరు బట్టీ పట్టినప్పుడు ఆయన వచ్చిన దారిలో ఏదో ఒకనాడు నేను సైకిలు తొక్కుతానని అనుకోలేదు. చోల్పోన్ అతాలో మైదానం నిండా రాళ్ల మీద వేల ఏళ్ల నాటి కొండమేకల బొమ్మలు చెక్కి ఉన్నాయి. దుర్గి వాడిని కదా, ఉలి దెబ్బ ఎటు నుంచి పడిందా అని వేలితో తడిమి చూడబోయాను. "ముట్టుకోకూడదు మామయ్యా" అని మేనల్లుడు చెయ్యి లాగాడు.

ఇక గాలి. బూమ్ లోయలోంచి సరస్సు మీదికి వీచే పడమటి గాలిని 'ఉలాన్' అంటారు. తూర్పుకు వెళ్తున్నప్పుడు వీపు తట్టి తోసిన ఆ గాలే, పడమటికి తిరిగి వస్తున్నప్పుడు ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపింది. ఆఖరి రోజు రెండున్నర గంటలు తొక్కితే పద్నాలుగు కిలోమీటర్లు. అప్పుడు మేనల్లుడు ఒక పద్ధతి చెప్పాడు. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కాలి. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకవాళ్లకు శ్రమ తగ్గుతుంది. పది నిమిషాలకొకసారి ముందువాడు వెనక్కి రావాలి, వెనకవాడు ముందుకు పోవాలి. నా వంతు వచ్చినప్పుడు "నువ్వు వెనకే ఉండు మామయ్యా" అన్నారు. ఒప్పుకోలేదు. ఐదు నిమిషాలైనా సరే, నా వంతు నేను తొక్కాను.

మిత్రులారా, ఇప్పుడు అసలు విషయం. యాభై ఏళ్ల గుర్తుగా ఏం చేద్దామన్నదాని మీద మన సంఘం ముందు రెండు ప్రతిపాదనలున్నాయి. ఒకటి, బడి గేటుకు ఆర్చి. రెండోది, దూరపు ఊళ్ల నుంచి, తండాల నుంచి ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చే పిల్లలకు, ముందుగా ఆడపిల్లలకు, సైకిళ్లు. ఆర్చి కోరుతున్న మిత్రుల ప్రేమను నేను శంకించను. ఆ రాతి మీద మన గురువుల పేర్లు ఉండాలన్న కోరిక నాకూ ఉంది. అయినా నా ఓటు సైకిళ్లకు.

ఇది నా ఒక్కడి మోజు కాదు. 2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతి చేరిన ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ లెక్కలు తీశారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గింది. బడి మూడు కిలోమీటర్లు, అంతకంటే దూరం ఉన్న ఊళ్లలోనే లాభం ఎక్కువ కనిపించింది. మన రాష్ట్రంలోనూ తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చిన ఏళ్లున్నాయి. ఇచ్చిన సైకిలు పంచరై మూల పడకుండా చూసే పని మాత్రం ఎవరో ఒకరు పూనుకోవాలి. ఆ పని మనం చేయగలం. బడి ఆవరణలో ఒక రేకుల షెడ్డు, ఒక గాలి పంపు, ఒక రిపేరు పెట్టె, నెలకొకసారి వచ్చే మెకానిక్కు కాస్త డబ్బు. సైకిలు బడిదిగానే ఉంటుంది. పదో తరగతి అయ్యాక చెల్లెళ్లకు చేరుతుంది.

ఈ బడిలోకి యాభై ఏళ్లుగా ఎన్నో ఏర్లు వచ్చి కలిశాయి. మాస్టార్ల చదువు, ఊరివాళ్ల చందాలు, మన సంఘం డిపాజిట్లు. సాగర్ నీళ్లు తియ్యగా ఉన్నాయంటే రెండు వైపులా కాల్వలు తీసి వదలడం వల్లే. మనం కూడా ఒక కాల్వ తీద్దాం.

రిపేరు షెడ్డు పని నేను చూసుకుంటాను. పంచరు వేయడం నాకు బాగా వచ్చు. సాయంత్రం చేతులెత్తే వేళకు పిల్లల్ని ఒక్కసారి తలుచుకోండి. భోజనాలకు ఆలస్యం చేసినందుకు మన్నించండి.