కిటికీలకు గదులు

రేడియోలో మాటలాడువానికి మౌనమును మించిన అపరాధము లేదు. ఒక ఉదయమున నేనా అపరాధము చేసితిని. చదువవలసిన ప్రసంగపాఠము కంప్యూటరు తెరపై నాలుగు కిటికీల క్రింద మరుగుపడెను. దానిని వెదకి పైకి తీయునప్పటికి ఏడెనిమిది సెకనులు గడచినవి. శ్రోతలు తమ రేడియో చెడినదేమో యని మీటలు త్రిప్పియుందురు.

మనయింట పాత్రలు వంటయింటను, పుస్తకములు సావడిలోను ఉండును. అన్నిటిని ఒకే గదిలో కుప్పవోసినచో గరిటె కొఱకు గ్రంథములను తొలగింపవలసి వచ్చును. ఇట్టి యాలోచనతోనే 1986లో అమెరికాయందలి జెరాక్స్ పరిశోధనాలయమువారైన హెండర్సన్, కార్డ్ అను నిరువురు 'రూమ్స్' అను ఏర్పాటును వివరించిరి. తెర యొక్కటియే, గదులు పెక్కు. నేడు లినక్సు కంప్యూటర్లలో ఇట్టి గదులు సామాన్యములు. వానినే వర్చువల్ డెస్క్‌టాపులందురు.

అయినను ప్రతిదినము కిటికీలను చేతితో గదులకు చేర్చుట విసుగు. ఆ పనిని కొన్ని యాజ్ఞలు వ్రాసియుంచిన స్క్రిప్టునకు అప్పగింపవచ్చును. ఎక్స్ విండో పద్ధతిలో 'డబ్ల్యూఎమ్‌కంట్రోల్' అను చిన్న సాధనము కలదు. ఫలానా కిటికీని ఫలానా గదికి పంపుమన్న పంపును. అది గదులను సున్నతో మొదలిడి లెక్కించును గనుక, మూడవ గది కావలెనన్న 2 అని వ్రాయవలెను.

నా మొదటి స్క్రిప్టు ఇట్లుండెను: పాఠమును తెఱువుము, ఐదు సెకనులాగుము, రెండవ గదికి పంపుము. నాలుగు దినములు చక్కగా నడచెను. ఐదవనాడు యంత్రము మందగించి, కిటికీ ఆలస్యముగా తెఱచుకొనెను. అతిథి రాకమునుపే వడ్డించినట్లు నా యాజ్ఞ వ్యర్థమయ్యెను. గడియారమును నమ్మరాదని అప్పుడు తెలిసినది. కిటికీల జాబితాను మాటిమాటికి చూచి, అందు మన కిటికీ కనబడిన పిమ్మటనే పంపవలెను. మఱియొక మెలకువ: శీర్షికను గుర్తుగా గొనరాదు. పత్రము మారినచో శీర్షికయు మారును. ప్రోగ్రామునకు గల 'క్లాసు' అను పేరు సాధారణముగా మారదు.

వేలాండ్ అను నూతన పద్ధతి కిటికీలపై ఈ సాధనము చెల్లదు. ఒక ప్రోగ్రాము మఱియొకదాని కిటికీలో తలదూర్చకుండ అచ్చట కట్టుబాటు గలదు. కావున తెరను నడపు వ్యవస్థకే ముందుగా నియమము చెప్పియుంచవలెను. కేడీఈలో 'విండో రూల్స్', స్వేలో 'అసైన్' ఇందులకే యేర్పడినవి.

ఇప్పుడు ప్రసారమునకు ముందు ఒక్క మీట నొక్కుదును. పాఠము రెండవ గదిలో ఒంటరిగా నాకై వేచియుండును. నాటి మౌనమును మీరు మఱచియుందురు, నేను మఱవలేదు.