చేనేత సహకార సంఘము: సభ్యుని నిత్యధర్మము

(పద్మశాలి కులబాంధవుల వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఈ సభయందు చేనేత సహకార సంఘమును గుఱించి నాలుగు మాటలు మనవి చేయుమని ఆహ్వానసంఘమువారు నన్నాజ్ఞాపించిరి. విద్వాంసులును, ఉదారులైన పోషకులును కూడియున్న యీ నిండుసభలో మాటాడుటకు నాకుగల యర్హత యొక్కటియే. పెక్కేండ్లుగా సంఘమున సభ్యుడనై నూలు తెచ్చుకొని, గుడ్డ నేసి యప్పగించి, మజూరి పుచ్చుకొనుచున్నవాడను. కావున శాస్త్రచర్చ చేయజాలను. నిత్యము కనుచున్నదియు, చేయుచున్నదియు మాత్రమే విన్నవించుకొందును.

మన సభలలో వంశకీర్తనము పరిపాటి. మార్కండేయ మహర్షి పుత్రుడగు భావనాఋషి తామరతూడుల దారముతో దేవతలకు వస్త్రములు నేసెనను గాథ మన యిండ్లలో పసిపిల్లలకును దెలియును. అది మనకు గౌరవహేతువే. అయినను ఆ గౌరవము నిలువవలెనన్న మగ్గము నడువవలయును. మగ్గము నడువవలెనన్న వేళకు నూలు రావలయును, నేసిన గుడ్డకు వేళకు మజూరి ముట్టవలయును. ఈ రెండు కార్యములను నిర్వహించుటకే సహకార సంఘము పుట్టినది.

సహకారోద్యమమునకును నేతపనివారికిని గల సంబంధము నిన్నటిది కాదు. 1844 వ సంవత్సరమున ఇంగ్లండు దేశములోని రాచ్‌డేల్ పట్టణమునందు 28 మంది తలకొక పౌను చొప్పున మూలధనము కూర్చి యొక చిన్న యంగడి తెఱచిరి. వారిలో ననేకులు నేతపనివారు. సభ్యునకెంత ధనమున్నను ఒక్కటే వోటను నియమము వారు నిలిపినదే. మన దేశమున 1904 లో పరపతి సంఘములకును, 1912 లో తక్కిన సహకార సంఘములకును చట్టములు కలిగెను. 1935 లో మద్రాసు రాజధానియందు చేనేతవారి రాష్ట్ర సహకార సంఘము ఏర్పడెను. తెలుగునాట ప్రగడ కోటయ్యగారును, కొండా లక్ష్మణ్ బాపూజీగారును చేనేతవారి పక్షమున జీవితపర్యంతము పాటుపడిరి. 1976 లో ఆప్కో వెలసినది. 2014 లో రాష్ట్రము రెండైన పిమ్మట తెలంగాణమునకు వేఱుగ ఉన్నత సంఘమేర్పడినది. ఈ చరిత్రమంతయు మీరెఱిగినదే గనుక దీనిని పెంచను.

ఇక సభ్యుని దినచర్యకు వత్తును. సంఘమున నూలు పంచుదినము మనకు పండుగవంటిది. సభ్యుడు పాసుపుస్తకము చేతబట్టుకొని వచ్చును. గుమాస్తా చిలపలు తూచి యిచ్చి, నూలు నెంబరును తూకమును వ్రాయును. 840 గజముల చిలపలు ఒక పౌనుకు ఎన్ని తూగునో ఆ సంఖ్యయే నూలు నెంబరని మన పెద్దలెఱుగుదురు. 80 నెంబరు నూలన్న పౌనుకు 80 చిలపలు. సంఖ్య హెచ్చినకొలది పోగు సన్నము. నేటి యువకులలో పలువురు ఈ లెక్క నెఱుగక గుమాస్తా వ్రాసినదే వేదముగా నమ్ముచున్నారు. నూలునకు తేమ తగిలిన తూకము హెచ్చును. గంజి పెట్టిన గుడ్డ బరువెక్కును. తరుగు లెక్క సభ్యునకు తెలియనిచో, నష్టము తనకు కలిగినదో సంఘమునకు కలిగినదో పోల్చుకొనజాలడు. కాబట్టి ముందుగా మనవి చేయునదేమనగా, తన పాసుపుస్తకమును తాను చదువుకొనుట సభ్యుని ప్రథమధర్మము.

చిలపలు ఇంటికి వచ్చిన పిమ్మట మగ్గమెక్కువఱకు జరుగు పని యెంతయో గలదు. నూలు నానబెట్టి యుదుకవలయును, రంగు వేయవలయును, రాట్నముపై చుట్టవలయును, పడుగు పోయవలయును. వేకువజామున వీధిలో పడుగు సాచి, గంజి పట్టించి, కుంచెతో తోమి, పోగుపోగును విడదీసి యారబెట్టవలయును. ఎండ ముదిరెనా పోగు తెగును. చినుకు పడెనా పని చెడును. ఈ పని యొక్క కుటుంబముతో తెమలదు. ఇరుగుపొరుగువారు వచ్చి చెఱియొక కొస పట్టుదురు. రేపు వారి పడుగునకు మనము పోవుదుము. దీనికి రిజిష్టరు లేదు, కూలి లేదు. చట్టములు పుట్టకముందే మన వీధులలో సహకారముండెననుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలయును?

పడుగు సిద్ధమైన వెనుక పాత పడుగు కొసలకు క్రొత్త పోగులను ఒక్కొక్కటిగా అతుకవలయును. అవి వేలకొలది యుండును. అటుపిమ్మటనే నేతగాడు గుంటమగ్గమున కాళ్లు పెట్టి నాడె విసరును. ఆతడు నేయుచున్నంతసేపును ప్రక్కన కండెలు చుట్టుచుండువారుండవలయును. కండె నిలిచిన నాడె నిలుచును.

గుడ్డ దిగిన పిదప సంఘమునకు గొనిపోవుదుము. అచట పొడవు, పన్నా, పోగుల సాంద్రత, అంచు పరీక్షింతురు. మజూరి కట్టి, పొదుపునిధికి కొంత మినహాయించి తక్కినది చేతికిత్తురు. 2017 లో తెలంగాణమున ప్రారంభించిన పొదుపు పథకమున, నేతపనివారు మజూరినుండి నూటికి 8 వంతులు వేసినయెడల ప్రభుత్వము 16 వంతులు చేర్చునట్లు ఏర్పాటు గావించిరి. చేతికి వచ్చునది తగ్గినదని మినహాయింపును చూచి గొణుగుకొనువారు గలరు. బిడ్డ పెండ్లినాడో, రోగము వచ్చిననాడో ఆ మినహాయింపే ఋణమునుండి కాపాడును.

సంఘమునందు లోపములు లేవని నేననను. గుడ్డ నిలువపడిన మజూరి ఆలస్యమగును. పై సంఘమునుండి బాకీ రానిచో క్రింది సంఘమునకు నూలు కొన ధనముండదు. వానకాలమున మగ్గపు గుంటలలో నీరూరి నెలలతరబడి పని నిలిచినప్పుడు ఇంటి ఖర్చునకు సంఘము అప్పీయజాలదు, షావుకారు ఇచ్చును. అందువలననే పలువురు షావుకారు గడప తొక్కుచున్నారు. షావుకారులందఱును చెడ్డవారు కారు. వారిలో మన బంధువులును గలరు. కాని ఆ బదులు తీరువఱకు మగ్గము ఆయనదే. మజూరి ఆయన చెప్పినదే. సంఘమున మజూరి మన మహాజనసభలో మనమెన్నుకొన్నవారు నిర్ణయింపవలసినది. ఈ భేదమును మఱచి, సంఘపు నూలు తెచ్చి గుడ్డను షావుకారుకమ్ముట, మగ్గము లేనివాడు బినామి పేర సభ్యుడగుట, మరమగ్గపు గుడ్డను చేనేతయని సంఘమున చేర్చుట తల్లిపాలు త్రాగి తల్లినే తన్నుటగాదా?

ఇందొక సూక్ష్మము గలదు. మిల్లులు యంత్రములకు కావలసినట్లు నూలును కోనులపై చుట్టును. చేనేతకు చిలపనూలు కావలయును. అందుచే మిల్లులు తమ నూలులో కొంత భాగము చిలపలుగా కట్టవలెనని ప్రభుత్వము నిర్బంధించినది. ఆ భాగము మొదట నూటికి 50, 2003 నుండి 40, 2019 నుండి 30 గా తగ్గినది. చిలపనూలునకు గిరాకి తగ్గినదని వాదించువారికి, సంఘపు నూలు తీసికొనకుండుటచేతను, తీసికొనిన నూలును మరమగ్గములకు తరలించుటచేతను మనమే సాక్ష్యమిచ్చుచున్నాము. చేనేతకు కొన్ని వస్త్రములను ప్రత్యేకించిన 1985 నాటి చట్టము గ్రంథమున నున్నను, దానిని నిలువబెట్టుకొనుటకు నిజాయితీ గల సంఘములే ఆధారము.

ఇపుడు నేనీ సభకు ముఖ్యముగా విన్నవింపదలచిన విషయమునకు వచ్చితిని. చిలప ఇంటికి వచ్చినది మొదలు మగ్గమెక్కువఱకు గల పనులను ఇంతకుముందు వరుసగా చెప్పితిని. అవి చేయువారెవరు? నూలు చుట్టునది తల్లి, పడుగు పోయునది భార్య, కండెలు చుట్టునది కూతురు, పోగులతుకునది కోడలు. ఎన్నియో యిండ్లలో నాడె విసరునదియు స్త్రీయే. 2019-20 నాటి నాలుగవ అఖిలభారత చేనేత గణనమున దేశమునందలి నేతపనివారును అనుబంధ పనివారును కలిసి 35 లక్షలకు పైబడియుండగా, అందు నూటికి 70 మందికి మించి స్త్రీలని తేలినది. ఆ లెక్కలో ఈశాన్య రాష్ట్రముల స్త్రీలు పెద్ద భాగమనుట నిజమే. అయినను మన వీధులలో స్త్రీహస్తము సోకని చీర యొక్కటియైన గలదా?

ఆ శ్రమ యెట్టిదో చింతకింది మల్లేశంగారి కథ చెప్పుచున్నది. పోచంపల్లి పద్ధతి చీరకు ఆసుపోయునపుడు స్త్రీ తన చేతిని మేకుల చుట్టు వేలకొలది మారులు త్రిప్పవలయును. ఒక్క చీరకే సుమారు 9000 మారులని చెప్పుదురు. తల్లి లక్ష్మిగారి భుజపు నొప్పి చూడలేక ఆయన యేండ్లతరబడి శ్రమించి ఆసుయంత్రమును కల్పించి, దానికి తల్లి పేరే పెట్టెను. 2017 లో ప్రభుత్వమాయనకు పద్మశ్రీ బిరుదమొసగినది. ఒక కుమారుడు తల్లి పేరును యంత్రమునకు పెట్టెను. మనము మన తల్లుల పేర్లను సంఘపు రిజిష్టరున కెక్కింపలేమా?

మన సంఘముల సభ్యుల పట్టికలు తెఱచి చూడుడు. ఆడుపేర్లు ఎన్ని గలవో వ్రేళ్లతో లెక్కింపవచ్చును. రిజిష్టరున పేరు లేనిచో పాసుపుస్తకము లేదు, పొదుపు లేదు, మహాజనసభలో వోటు లేదు. భర్త కాలము చేసిననాడు ఆమె చేతిలో విద్యయున్నది, ఇంట మగ్గమున్నది, నూలు పుచ్చుకొనుటకు మాత్రము పేరు లేదు. నలుబదియేండ్లు కండె చుట్టిన చేయి అర్జీ పట్టుకొని నిలువవలసివచ్చుచున్నది. ఇది మన కులమునకు కీర్తియగునా?

ఒక మగ్గమునకు ఇద్దఱు సభ్యులెట్లని కొందఱాక్షేపింతురు. నూలు మగ్గమును బట్టి యిత్తురు. సభ్యత్వము మనుష్యుని బట్టి కలుగును. ఈ రెంటిని కలుపనక్కఱలేదు. గుడ్డ వెలకట్టునపుడు చుట్టుడు కూలి, పడుగు కూలి, నేతకూలి వేఱువేఱుగ లెక్కించు పద్ధతి యున్నది. ఆ చుట్టుడు కూలియు, పడుగు కూలియు ఆ పని చేసినవారి పేర, వారి పాసుపుస్తకమున వ్రాసినచో చాలును. సంఘమునకు అదనపు వ్యయము లేదు. ఇంటికి వచ్చు ధనము తగ్గదు. వచ్చినది ఎవరి కష్టమో తెలియును, పొదుపు ఇరువురి పేర పెరుగును.

ఇంటి ఆడువారు సభకు వచ్చి కూర్చుండుట మర్యాద కాదని మఱికొందఱందురు. వేకువన వీధిలో పదిమంది నడుమ పడుగు కొస పట్టుట మర్యాదయైనపుడు, ఆ పడుగునకు మజూరి యెంతయో నిర్ణయించుచోట కూర్చుండుట అమర్యాద యెట్లగును? నా యనుభవమున ఒకటి చెప్పుదును. నూలు నాసిరకమైన మొట్టమొదట పసికట్టునది చుట్టువారి వ్రేళ్లే. మగ్గమున కూర్చున్నవానికి పోగు తెగినప్పుడు గాని తెలియదు. అట్టి వ్రేళ్లు గలవారు పాలకవర్గమున నుండిన చెడునూలు సంఘపు గడప దాటునా?

కావున ఈ మహాసభ మూడు తీర్మానములు గావింపవలెనని ప్రార్థించుచున్నాను. ఒకటి: మన కులబాంధవులు నడపు ప్రతి సంఘమును నేతపనియందు పాల్గొను స్త్రీలను స్వంత పేర సభ్యులుగా చేర్చుకొనవలయును. రెండు: మగ్గమునకు ముందరి పనుల కూలిని చేసినవారి పాసుపుస్తకమున వ్రాయవలయును. మూడు: ప్రతి సభ్యుడును ఏటేట మహాజనసభకు వచ్చి జమాఖర్చులు విని, సందేహమున్నచోట నిర్భయముగ అడుగవలయును.

పోషక మహాశయులకు నా మనవి వేఱు. మీరొసగు విరాళములకు మేము కృతజ్ఞులము. దానితోడ, మీ యింట శుభకార్యము వచ్చినపుడు సంఘపు గుడ్డ కొని, రసీదు పుచ్చుకొనుడు. నిలువ తఱిగిన మజూరి వేళకు ముట్టును. మజూరి వేళకు ముట్టిన పిల్లవాడు మగ్గము విడిచి పట్టణమునకు పోవలసిన యగత్యముండదు. విద్యార్థివేతనములు పంచునపుడు, కండెలు చుట్టుచు చదువుకొను బాలికలను ముందుగా తలచుకొనుడు.

పడుగొక్కటియే గుడ్డ కాదు, పేకయొక్కటియే గుడ్డ కాదు. ఈ సంగతి మనకొకరు చెప్పనక్కఱలేదు. ఇండ్లలో నిత్యమాచరించుచున్న యీ ధర్మమును సంఘపు రిజిష్టరున గూడ నాచరింతుమని కోరుచున్నాను.