అనధికార యుద్ధ చిహ్నాలు: అసలేది, నకిలీ ఏది?

(మన సమాజపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి తిన్న నోటితో యుద్ధము సంగతులేమిటని కొందరికి తోచవచ్చును. కాని మనమున్నది బెంగుళూరులో. మద్రాసు సాపర్ల కేంద్రము ఈ ఊరిదే. ఆ పటాలములో పనిచేసిన తాతలు, ముత్తాతలు గల ఇళ్ళు మనలో వున్నవి. రెండవ ప్రపంచయుద్ధము నాటి బ్యాడ్జి ఒకటో రెండో ఆ ఇళ్ళ ట్రంకుపెట్టెల అడుగున కనిపిస్తూ వుంటవి. పాతసామాను వర్తకుడు వచ్చి, "ఇది సర్కారువారిచ్చినది కాదండీ, బజారు సరుకు" అని పెదవి విరిచి, పావలాకో పరకకో పట్టుకుపోతాడు. అదే వర్తకుడు మరొకచోట తళతళలాడే కొత్త సరుకును యుద్ధకాలపుదని వేలకు అమ్ముతాడు. ఈ రెండు నష్టాలూ తప్పాలనే మేము ఈ విషయము ఎత్తుకున్నాము.

సర్కారు బ్యాడ్జికి ముద్రవేసి భద్రపరచిన నమూనా ఒకటి వుంటుంది. దానితో పోల్చి చూస్తే సగము పని అయినట్లే. అనధికారపు బ్యాడ్జికి ఆ సదుపాయము లేదు. దానిని పటాలమువారు ముచ్చటపడి చేయించుకున్నారు, లేదా ఒక క్లబ్బువారు పంచిపెట్టారు, లేదా దర్జీ తనకు తోచినట్లు కుట్టాడు. కనుక "ఇది నమూనాలాగా లేదు, నకిలీ" అనుట ఎంత తప్పో, "ఇంత మోటుగా వున్నది కనుక అసలే" అనుట కూడా అంతే తప్పు.

ఇంగ్లండులో 1942లో గోల్డ్‌ఫిష్ క్లబ్బు అని ఒకటి వెలసింది. విమానము సముద్రములో పడినా, ప్రాణరక్షణ సాధనాల పుణ్యమా అని బతికి బయటపడిన వైమానికులకే అందులో సభ్యత్వము. దానిని పెట్టినది అటువంటి సాధనాలు చేసే కంపెనీలోని రాబర్ట్‌సన్ అను ఉద్యోగి. రెండు నీలి అలలపై రెక్కలున్న చేప వారి గుర్తు. యుద్ధపు కరువులో లోహపు తీగెకు, గుడ్డకు ఆంక్షలుండెను. అందుచేత జనము పంపిన పాత విందు సూట్లను కత్తిరించి, ఆ నల్లగుడ్డపైనే పట్టుదారముతో కుట్టించారు. యూనిఫారము మీద దానిని పెట్టుకొనుటకు నిబంధనలు ఒప్పవు. కనుక చాలామంది జేబు మూతకు అడుగున దాచి కుట్టుకున్నారు. ఇప్పుడు ఆలోచించండి. పలువురి సూట్ల ముక్కలు గనుక నల్లగుడ్డ బ్యాడ్జికి బ్యాడ్జికి తేడాగా వుండుటే సహజము. ఒకే తాను నుండి కోసినట్లుండే బ్యాడ్జీలు డజను ఒకచోట అమ్మకానికి వస్తే అనుమానించాలి. జేబు మూత కింద వున్నదంటూనే, ఎండకు వెలిసిన రంగులు చూపితే మరీ అనుమానించాలి. వస్తువు ఎట్లా పుట్టిందో తెలిసినవానికి దానిని ఏమడగాలో కూడా తెలుస్తుంది.

ఇక మన దేశపు సంగతి. 1942 మొదలు చైనా, బర్మా, ఇండియా రంగములో పనిచేసిన అమెరికను సైనికులు తమ డాలు గుర్తును మన బజారు దర్జీలచేత కుట్టించుకున్నారు. పైన నీలము మీద చైనా సూర్యుడు, ఇండియా నక్షత్రము. కింద ఎరుపు తెలుపు చారలు. కొన్ని దారముతో, కొన్ని జరీతో, కొన్ని తోలుమీద. చేతిపని గనుక ఒకదాని సూర్యునికి కిరణాలు పొడుగు, మరొకదానికి పొట్టి. ఆ తేడాలు లెక్కబెట్టి ప్రయోజనము లేదు. చూడవలసినది జరీ. మన ఆడవారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. అమ్మమ్మల పట్టుచీర అంచు ఎట్లా నల్లబడుతుందో వారికే బాగా తెలుసు. పాత లోహపు జరీ మడతలలో, కుట్ల సందులలో ముందు కమిలి, పైకి వచ్చినచోట ఒరిపిడికి మెరుస్తుంది. ప్లాస్టిక్ పూత జరీ కమలదు. ఒక చిక్కు మాత్రము వున్నది. యుద్ధము ముగిసినా ఈ విద్య ముగియలేదు. వారణాసిలోను, సియాల్‌కోటలోను జరీ బ్యాడ్జీలు కుట్టి విదేశాలకు పంపే పని నేటికీ సాగుతూనే వున్నది. పనితనము ఒకటే కనుక, పనితనము చూసి కాలము చెప్పలేము.

అందుకే వెనుకవైపు తిప్పి చూడమంటాము. మా మటుకు మేము ముందువైపు చూసేది తక్కువ. వాడిన బ్యాడ్జికి ముందువైపు వెలిసి, వెనుక రంగులు నిండుగా వుంటవి. టీ నీళ్ళలో ముంచి పాతబరచినదానికి రెండువైపులా ఒకటే మసక. మన ఎండలలో చొక్కాలు పదే పదే చాకలికి పడేవి. అందుచేత బ్యాడ్జి ఊడదీయుటకు వీలుగా టిచ్ బొత్తాలో, నాడాలో కుట్టించుకొనేవారు. వాటి జాడలు మిగులుతవి. గట్టిదనానికి వెనుక అంటించిన పత్రిక ముక్క కనబడితే సంతోషించండి గాని తొందరపడవద్దు. బ్యాడ్జి ఆ పత్రికకు ముందటిది కాదని మాత్రమే అది చెబుతుంది. పాత కాగితము కొత్త బ్యాడ్జికి అంటించుట ఎవరికైనా చేతనవును.

నోట్లు పరీక్షించే అతినీలలోహిత దీపము కింద కొత్త దారము చాలావరకు తెల్లనీలముగా వెలుగుతుంది. బట్టలను తెల్లగా చూపే రసాయనాలు వాడుకలోకి విరివిగా వచ్చినది యుద్ధము తరువాతనే. అయితే తాతగారి అసలు బ్యాడ్జిని మొన్న కోడలు సబ్బుపొడిలో నానబెట్టి వుంటే అదీ వెలుగుతుంది! దీపము సాక్షి మాత్రమే, న్యాయాధిపతి కాదు.

లోహపు వాటిలో పోతపనికి సన్నని గుంటలు, మొద్దుబారిన గీతలు వుంటవి. "పోత కనుక నకిలీ" అని కొందరు కొట్టివేస్తారు. మన బజారు కంసాలి ఇత్తడి పోత పోసిన అసలు బ్యాడ్జీలు ఎన్ని లేవు? ఎత్తయిన చోట్ల అరుగుదల, గుంటలలో పేరుకున్న మురికి, పిన్ను కదిలేచోట వదులు, ఈ మూడూ ఒకే కథ చెబుతున్నవా అన్నదే చూడాలి. ఆమ్లముతో నల్లబరచినది ఎత్తుపల్లము తెలియక అంతటా ఒకేలాగ వుంటుంది.

నేతాజీ పేరుతో వచ్చేవాటి విషయములో మరింత జాగ్రత్త అవసరము. 1942లో ఏర్పరచిన ఆజాద్ హింద్ పతకాలను చేసినది వియన్నాలోని ఒక సంస్థ. యుద్ధానంతరము కూడా అవే అచ్చులతో మళ్ళీ కొట్టారు. అచ్చు నిజమైనదే, కాలమే వేరు. పేరు ఎంత ప్రియమైనదయితే నకిలీ అంత ఎక్కువ.

చివరకు కథలు. "ఇది 1944లో ఇంఫాలులో పోరాడినవానిది" అని అమ్మేవాడు చెబుతాడు. కథకు వెల ఇవ్వకండి. డిశ్చార్జి కాగితము, ఉత్తరము, భుజముపై గుర్తు కనబడే ఫొటో వున్నదా అని అడగండి. ఫొటోలోనూ మెలకువ కావాలి. కొన్ని పాత ఫిలిములలో ఎరుపు నల్లగా పడుతుంది. నాల్గవ ఇండియను డివిజనువారి ఎర్ర గరుడపక్షి నల్లపక్షిలాగ కనిపించవచ్చు.

మీ ఇళ్ళలోని వాటిని ఉతకవద్దు. చింతపండుతో తోమవద్దు, పండుగ నాడు ఇత్తడి సామానుతోపాటు వాటినీ తోమేవారున్నారు! చొక్కా ముక్కకు కుట్టి వుంటే విప్పవద్దు. ఎవరిది, ఎవరి చేతులమీదుగా వచ్చిందో ఇంటిలో పెద్దవారుండగానే అడిగి, చీటీ వ్రాసి పెట్టెలో వుంచండి. సభ ముగిసిన తరువాత పక్క గదిలో భూతద్దము, దీపము పెట్టుకొని కూర్చుంటాము. తెచ్చినవారు చూపవచ్చును. వెల మాత్రము మమ్ములను అడగవద్దు.