కారు అద్దము – ఫిల్మునకు ముందు

ఎండ కోర్వలేక మేమొకసారి కారు అద్దములకు తొందరపడి ఫిల్ము వేయించితిమి. అద్దము సరిగా తుడువనందున అడుగున ఇసుక రేణువులు చిక్కి, ఒక్కొక్కటియు బుడగయై నిలిచెను. ఫిల్ము ఊడదీసినగాని అవి పోలేదు.

కనుక ముందుపనియే ముఖ్యము. మొదట చట్టము చూడవలెను. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమముల ననుసరించి ముందు, వెనుక అద్దములగుండ 70 శాతము, ప్రక్క అద్దములగుండ 50 శాతము వెలుతురు సాగవలెను. 2012లో సుప్రీంకోర్టు ఫిల్ము అంటించుటను నిషేధించెను. అటుపిమ్మట నియమము సవరింపబడినది. నేడు చెల్లునదేదో రవాణా కార్యాలయమున తెలిసికొనుట మేలు.

పిమ్మట కారును గాలిదుమ్ము లేని నీడలో నిలుపవలెను. ఫిల్ము అంటించునది లోపలివైపున గనుక అచటనే శ్రద్ధ వలయును. అద్దమును సబ్బునీటితో తడిపి, పాత జిగురును బ్లేడుతో ఏటవాలుగ గీకవలెను. పొడి అద్దముపై బ్లేడు నడపిన గీతలు పడును. వెనుక అద్దమున వేడితీగలున్నచో అచట బ్లేడు వలదు. ప్రక్క అద్దమును కొంచెము దించి పైఅంచును, రబ్బరు గాడిని శుభ్రపరచి, నూగు రాలని గుడ్డతో తుడువవలెను.

చల్లదనము మనకు కావలసినదే. కాని చీకటిలో దారి దాటు ముసలివాడు ఆ అద్దమునుండి మనకు కనబడవలెను గదా!