పెట్టె బిగించిన లారీ పెడలుకు ఏల లొంగదు?

(మన సంఘపు లారీ యజమానుల, డ్రైవరుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



యజమానులును, డ్రైవరులును ఒకే చాపమీద కూర్చున్న సభ యిది. యజమానులకు కొంత కష్టము తోచు మాటను ముందుగనే మనవి చేయుచున్నాము. ఇంజనుకు బలము పెంచునని చెప్పి అమ్ముచున్న చిన్న పెట్టెలను బిగించిన బండ్లు త్రోవలో మొండికెత్తినప్పుడు నింద డ్రైవరు కాలిమీద పడుచున్నది. “నీకు తొక్కుట రాదు, గేరు వేయుట రాదు” అని బత్తాలో కోత పెట్టుచున్నారు. తప్పు కాలిది కాదు. చాలసార్లు పెడలుది కూడ కాదు.

పాత లారీలలో యాక్సిలరేటరు పెడలుకును డీజిలు పంపునకును నడుమ ఇనుప కడ్డీ యుండెడిది. కాలు నొక్కిన కొలది డీజిలు పెరిగెడిది. గవర్నరు హద్దు కాచెడిది. పెట్రోలు ఇంజనులో వలె గాలిని మూసి తెరచు థ్రాటిలు రెక్కతో డీజిలు బలమును అదుపు చేయరు. క్రొత్త డీజిళ్లలో అట్టి రెక్క కొన్నింట నున్నను, అది పొగను శుద్ధిచేయు పనులకును, ఇంజనును ఆపుటకును ఉపకరించునే గాని బలమును కొలిచి యిచ్చుటకు గాదు. కావున షెడ్డులో ఎవరైన “థ్రాటిలు పోయినది” అన్నచో, ఏ భాగము పోయినదో చూపుమని అడుగుడు.

2020 ఏప్రిలు 1 నుండి అమలైన భారత్ స్టేజి 6 నిబంధనలకు తగిన నేటి లారీలలో ఆ కడ్డీ లేదు; తీగలే యున్నవి. పెడలువద్ద రెండు సెన్సారులు కాలి స్థానమును వేర్వేరుగ కంప్యూటరునకు తెలుపును. పలు బండ్లలో ఒకదాని విలువ రెండవదానిలో సగము. ఆ లెక్క కుదరనిచో కంప్యూటరు కాలును నమ్మదు. ఇంజను వేగమును హద్దులో బిగించును. ఇది చెడు కాదు. కాలు తీసినను బండి పరుగిడకుండుటకై పెట్టిన కాపుదల.

ఇక పెట్టె చేయు పని వినుడు. ఇది సామాన్యముగా డీజిలు పీడనమును కొలుచు సెన్సారునకును, కంప్యూటరునకును నడుమ చేరి అబద్ధపు సాక్ష్యము చెప్పును. నిజముగా 1,600 బార్ల పీడనమున్నచో 1,400 అని చూపుననుకొనుడు. పీడనము చాలలేదని కంప్యూటరు మరింత పెంచును. నాజిళ్లు ఎక్కువ డీజిలు చిమ్మును. ఖాళీ బండిలో డ్రైవరునకు హాయిగనే యుండును; పెట్టె అమ్మినవాడు చూపించునదియు ఖాళీ బండియే!

లోడుతో సేలమునుండి ధర్మపురివైపు తొప్పూరు కనుమ ఎక్కునపుడు సంగతి వేరు. పీడనము హద్దు మీరగనే రక్షణ వాల్వు తెరచుకొనును, లేదా కంప్యూటరు అనుమానించి బలము కోయును. కాలు అడుగంట నొక్కినను బండి యెత్తుకొనదు. వెనుక బండ్ల వరుస నిలిచియుండగా, నిండు లోడుతో నడిచాలులో ఆగిపోయిన డ్రైవరు స్థితి ఈ సభలో పలువురికి తెలియును. ఆఫ్ చేసి మరల స్టార్టు చేసినచో బండి కొంతసేపు బాగుండును. అందుచేతనే షెడ్డు చేరిన తరువాత “బండిలో ఏమియు లేదు” అందురు. నింద మరల డ్రైవరుకే వచ్చును.

మరియొక చిక్కు కలదు. పలు సెన్సారులకు 5 వోల్టుల సరఫరా ఒకే మూలమునుండి వచ్చును. చౌకరకపు పెట్టెలో కనెక్టరు వదులైనను, వాననీరు చేరినను ఆ సరఫరా క్రుంగవచ్చును. అప్పుడు పెడలు లెక్కయు చెడును. పెడలు మార్చుదురు, రోగము పోదు.

కనుక మా సలహా ఇది. కోడులను చెరుపకముందే ఫోనులో ఫోటో తీయుడు. పెట్టెను విప్పి కంపెనీ ప్లగ్గును యథాస్థానమున పెట్టి, అంతే లోడుతో అదే దారిని పోనిండు. అప్పటికిని బాగుపడనిచో డీజిలు ఫిల్టరు, అందు నీరు, టర్బో గాలిగొట్టపు చీలిక, పిదప పెడలు తీగలు చూడవలయును. యూరియా ద్రావణపు లోపమున్నచో నేటి బండ్లు తామే బలము తగ్గించుకొనును. ఆ సంగతి తెలియక “బండి లాగుటలేద”ని పెట్టె కొన్నవారును గలరు. పెట్టెకు బదులు కంప్యూటరు ప్రోగ్రామునే మార్పించినవారికి విప్పుటకేమియు నుండదు. కంపెనీ ప్రోగ్రామును తిరిగి వేయింపవలసినదే.

ఇది మన దేశపు జాడ్యము మాత్రమే కాదు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2020లో వెల్లడించిన అంచనా ప్రకారము, అంతకు ముందటి పదేండ్లలో అచట 5,50,000కు పైగా డీజిలు పికప్పు బండ్లలో పొగశుద్ధి సాధనములను పనిచేయకుండ చేసిరి. ఎక్కువ డీజిలు పోసినచో మసి పెరుగును, ఫిల్టరు పూడును, టర్బోకు తగులు వేడి హెచ్చును. పెట్టె ధర చిన్నది. టర్బో ధర యజమానులే యెరుగుదురు.

మన చట్టమున 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షను, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు ఖైదుగాని, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధించుచున్నది. అందు పేర్కొన్నది యజమానిని. స్టీరింగు పట్టినవానిని కాదు.

పెట్టె యున్న బండిని ఒప్పగించునపుడు ఆ మాట ట్రిప్పు షీటులో వ్రాసి యిమ్మని డ్రైవరు సోదరులు అడుగవలయును. యజమానులు వ్రాసి యియ్యవలయును. బత్తా కోత మాట కోడుల ఫోటో చూచిన పిదపనే.